ఏరేసిన పల్లీ ఎవరి నోటికి?

పల్లీ మిల్లులో గింజలు ఏరే బెల్టు దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఒలిచిన గింజలు బెల్టు మీద వరదలా వస్తుంటాయి. రెండు పక్కలా కూర్చున్న ఆడవాళ్లు ముడతపడినవి, రంగు మారినవి, పచ్చని బూజు పట్టినవి, పురుగు తొలిచినవి చటుక్కున ఏరి పక్కనున్న డబ్బాలో వేస్తుంటారు. బెల్టు చివర దిగిన సరుకు సంచుల్లోకెక్కి, పరీక్ష కాగితం తగిలించుకుని రేవుకు పోతుంది. డబ్బాలో పడ్డది కూడా సంచుల్లోకే ఎక్కుతుంది. దాన్నీ కొనేవాళ్లుంటారు, దానికీ ఒక ధర ఉంటుంది. వేరుశనగలో బూజు విషం గురించి మన దగ్గర అరవై ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. విత్తనం మీద, నేల మీద, పరీక్షల మీద ఎంతో రాశారు. ఆ రెండో సంచి ఎక్కడికి పోతోందన్న దాని మీద మాత్రం రాసింది తక్కువ. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే.

ముందు విషం సంగతి. దాని పేరు అఫ్లాటాక్సిన్. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, ఆస్పర్జిల్లస్ పారసిటికస్ అనే రెండు రకాల బూజులు దీన్ని తయారుచేస్తాయి. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. లెక్క లక్ష దాటింది. ఏ సూక్ష్మజీవీ దొరకక ఆ జబ్బుకు 'టర్కీ ఎక్స్' అని పేరు పెట్టారు. వెతగ్గా వెతగ్గా, కోళ్ల దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్కలో కారణం దొరికింది. అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిసే విషాలకు బీ1, బీ2 అనీ, పచ్చగా మెరిసేవాటికి జీ1, జీ2 అనీ పేర్లు పెట్టారు. అన్నిటికన్నా ప్రమాదకరమైంది బీ1. పాడి పశువు బీ1 తింటే అది ఒంట్లో రూపు మార్చుకుని ఎం1గా పాలలోకి దిగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అఫ్లాటాక్సిన్లను మనిషికి క్యాన్సర్ తెచ్చేవిగా రుజువైన మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు ఉన్నది ఆ వర్గంలోనే.

దీనికి వాసన లేదు, రుచి లేదు. నోట్లో చేదు తగిలిన పల్లీని మనం ఉమ్మేస్తాం, మంచి పనే. అయితే ఆ చేదు విషానిది కాదు, గింజ పాడైనందువల్ల వచ్చింది. చేదు లేని గింజలోనూ విషం ఉండొచ్చు. ఉడకబెడితే పోదు. వేయిస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. బూజును తుడిచేసినా అది వదిలిన విషం గింజ లోపలే ఉంటుంది.

మనిషిని ఇది ఎంత త్వరగా చంపగలదో పెద్ద ఎత్తున బయటపడింది మన దేశంలోనే. 1974 చివర్లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన గ్రామాల్లో కామెర్లు, కడుపులో నీరు చేరడం మొదలైంది. నాలుగు వందల మంది దాకా జబ్బుపడ్డారు, నూరు మందికి పైగా చనిపోయారు. ఇళ్లలో అదే తిండి తిన్న కుక్కలూ చచ్చిపోయాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి వెళ్లిన వైద్యులు, శాస్త్రవేత్తలు ఇంటింటా ధాన్యం నమూనాలు సేకరించి, అకాల వర్షాల్లో తడిసి బూజు పట్టిన మొక్కజొన్నే కారణమని తేల్చారు. 1975లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఆ నివేదికను ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఇప్పటికీ ఉదహరిస్తుంటారు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2004లో, కెన్యాలో ఇదే కథ మళ్లీ జరిగింది. అక్కడ 317 మంది జబ్బుపడితే 125 మంది చనిపోయారు. రెండు చోట్లా చనిపోయినవాళ్లు పేదలు. బూజు పట్టిన గింజ తప్ప ఇంట్లో వేరే గింజ లేనివాళ్లు.

వేరుశనగ మన దగ్గర అలా ఊళ్లకు ఊళ్లను చంపలేదు. అది చేసే హాని నెమ్మదిగా, ఏళ్ల తరబడి సాగుతుంది. అందుకే ఎవరి కంటా పడదు. ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టే ఘట్టం ఒకటుంది. 1950, 60 దశకాల్లో పిల్లల్లో మాంసకృత్తుల లోపాన్ని తీర్చడానికి మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ ఒక పొడి తయారుచేసింది. మూడు వంతులు నూనె తీసిన వేరుశనగ పిండి, ఒక వంతు శనగ పిండి, పైన విటమిన్లు. చవక, బలం, దేశమంతా దొరికే ముడిసరుకు. ఆ ఆశ నిలదొక్కుకుంటున్న రోజుల్లోనే ఇంగ్లండు నుంచి ఈ విషం కబురు వచ్చింది. ఆకలితో ఉన్న పిల్లలకు పెట్టాలనుకున్న ఆహారాన్నే అనుమానించాల్సి వచ్చింది. 1966లో ఐక్యరాజ్యసమితి సంస్థల మాంసకృత్తుల సలహా బృందం కిలోకు 30 మైక్రోగ్రాముల పరిమితి సూచించింది. విషం లేని ఆహారం దొరకక, ఆకలికీ విషానికీ మధ్య కుదుర్చుకున్న రాజీ అది. మన దేశంలో చాలా ఏళ్లు చట్టంలో ఉన్న అంకె కూడా 30.

ఇక చేను దగ్గరికి వద్దాం. బూజు గోదాములోనే పడుతుందని, తడి తగిలితేనే వస్తుందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ నేలలో ఉండే బూజు. వేరుశనగ పూత నేల పైన పూసినా, ఊడ మట్టిలోకి దిగి కాయ నేలలోనే పెరుగుతుంది. అంటే రెండు, మూడు నెలల పాటు కాయా బూజూ ఒకే మట్టిలో పక్కపక్కనే ఉంటాయి. పంటకు నీళ్లు అందుతున్నంత కాలం గింజ తనను తాను కాపాడుకుంటుంది. బూజును అడ్డుకునే పదార్థాలను తయారుచేసుకుంటుంది. కోతకు ముందు చివరి మూడు నుంచి ఆరు వారాల్లో బెట్ట పడితే మాత్రం కథ మారుతుంది. నేల వేడెక్కుతుంది, గింజలో తేమ పడిపోతుంది, ఆ రక్షణ పదార్థాల తయారీ ఆగిపోతుంది. వేడినీ, కరువునీ తట్టుకోగల బూజుకు పోటీనిచ్చే మిగతా సూక్ష్మజీవులు అప్పటికి వెనకబడతాయి. కాయ తొక్కకు పడ్డ చీలిక, చెదపురుగు గీకిన గీత దానికి దారి ఇస్తాయి. 1980లలో అమెరికాలోని జార్జియా రాష్ట్రం డాసన్‌లో ఉన్న జాతీయ వేరుశనగ పరిశోధనశాల వాళ్లు, నేల ఉష్ణోగ్రతనూ నీటినీ అదుపులో పెట్టగల మడులు కట్టి ఈ సంగతి రుజువు చేశారు. కరువు, ఇంచుమించు 30 డిగ్రీల నేల వేడి రెండూ కలిసినప్పుడు విషం పెరిగింది.

ఈ వర్ణన చదివితే రాయలసీమ రైతుకు తన చేనే గుర్తుకొస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిసే అనంతపురం జిల్లాలో ఒకప్పుడు ఏడెనిమిది లక్షల హెక్టార్లలో శెనక్కాయ వేసేవారు. దేశంలో మరే జిల్లాలోనూ అంత విస్తీర్ణం ఉండేది కాదు. జూన్, జులైలో వాన పడితే విత్తుతారు. ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో, కాయ ఊరే వేళకు వాన మొహం చాటేస్తుంది. దిగుబడి పోయిందని రైతు ఏడుస్తాడు, ప్రభుత్వం బీమా లెక్కలు వేస్తుంది. అలా పోగా మిగిలిన కాయలోనే విషం ఎక్కువుంటుందన్న మాట మాత్రం కరువు లెక్కల్లో ఎక్కడా రాదు. పంట పోయిన ఏడాదే తిండిలో విషం పెరిగే ఏడాది కూడా.

కరువు ఇలా దెబ్బతీస్తే వాన ఇంకోలా తీస్తుంది. అక్టోబరు, నవంబరులో చెట్లు పీకి చేలో పరిచేసరికి ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. పీకేటప్పుడు కాయలో నూటికి 35 నుంచి 40 పాళ్ల దాకా తేమ ఉంటుంది. అది 8, 9 పాళ్లకు దిగాలి, అదీ త్వరగా దిగాలి. ఆకులు కిందికి, కాయలు పైకి ఉండేలా చెట్లను బోర్లా పరిస్తే గాలి తగిలి కాయ తొందరగా ఆరుతుంది. ఇది ఖర్చులేని పని. కానీ వాన మబ్బు కనబడగానే రైతు ఏం చేస్తాడు? ఆరీ ఆరని చెట్లను గబగబా వామి వేసి పైన పట్ట కప్పుతాడు. కూలీలు దొరికేదాకా కాయ వామిలోనే ఉంటుంది. ఊరంతా ఒకేసారి కోతకొస్తే కూలీలు ఎక్కణ్నుంచి వస్తారు? ఆ వామిలో చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా తగులుతుంది. బూజుకు కావలసింది అదే. ఎండబెట్టడం రాక రైతు ఇలా చేస్తున్నాడనుకుంటే పొరపాటు. పట్ట కప్పకపోతే పశుగ్రాసం కుళ్లిపోతుంది. అతనికి శెనక్కట్టె కూడా పంటే.

ఆ తర్వాత రెండు దశలు చూడాలి. ఒకటి, ఒలిచే యంత్రం. బాగా ఆరిన కాయను యంత్రంలో పోస్తే గింజ బద్దలవుతుంది, బద్దకు ధర తక్కువ. అందుకని యంత్రంలో పోసేముందు కాయల మీద నీళ్లు చల్లుతారు. ఒలిచిన గింజలను మళ్లీ ఆరబెడితే ఇబ్బంది లేదు. తీరిక లేక తడి గింజను అలాగే సంచులకెత్తితే, అన్నాళ్లు ఎండబెట్టిన కష్టం వృథా అవుతుంది. గింజలో తేమ 7 శాతం దాటకూడదని పరిశోధకులు చెప్పే నియమం ఇక్కడ గాలికి పోతుంది. రెండోది పరిగె. చెట్టు పీకినప్పుడు తెగి మట్టిలో ఉండిపోయిన కాయలను కూలీలు, వాళ్ల పిల్లలు తవ్వి ఏరుకుంటారు. ఏ హక్కూ లేనివాళ్లకు చేను ఇచ్చే హక్కు అది. కోత తర్వాత కూడా మట్టిలో ఉండి, దెబ్బతిన్న ఆ కాయల్లో విషం ఎక్కువుండే అవకాశం ఉంది. వాటిని మంచి కాయలో కలపకూడదని శాస్త్రవేత్తలు రైతుకు చెబుతారు. కలపకపోతే వాటిని తినేది ఎవరో ఆ సలహాలో ఉండదు.

ఈ విషం ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తుందంటే, ముఖ్యంగా కాలేయాన్ని పట్టుకుంటుంది. అక్కడ బీ1 మారిపోయి కణంలోని జన్యు పదార్థానికి అతుక్కుంటుంది. క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 జన్యువులో ఒకానొక చోట మార్పు తెస్తుందని 1991లో చైనా, దక్షిణాఫ్రికా రోగుల కణితులు పరీక్షించి కనుక్కున్నారు. హెపటైటిస్ బీ కూడా ఉంటే ప్రమాదం కూడిక కాదు, గుణకారం. షాంఘైలో వేల మందిని ఏళ్ల తరబడి గమనించినప్పుడు, విషం ఒక్కటే సోకినవాళ్లలో కాలేయ క్యాన్సర్ ముప్పు మూడు రెట్లకు పైగా, వైరస్ ఒక్కటే ఉన్నవాళ్లలో ఏడు రెట్లు, రెండూ ఉన్నవాళ్లలో దాదాపు 60 రెట్లు కనిపించింది. అంటే బిడ్డ పుట్టగానే వేసే హెపటైటిస్ బీ టీకా అఫ్లాటాక్సిన్ మీద కూడా ఒక ఆయుధమే. చైనాలోనే చిడాంగ్ ప్రాంత ప్రజలు ఆర్థిక సంస్కరణల తర్వాత మొక్కజొన్న మాని అన్నానికి మారారు. వాళ్ల రక్తంలో విషం ఆనవాళ్లు పడిపోయాయి, తర్వాత కాలేయ క్యాన్సర్ మరణాలూ తగ్గాయని 2013లో లెక్కలు తేల్చారు. టీకా అందని తరంలో కూడా తగ్గింది.

పిల్లల ఎదుగుదల విషయంలో ఆధారాలు అంత గట్టివి కావు. బెనిన్, టోగోల్లో ఒంట్లో విషం ఎక్కువున్న పిల్లలు పొట్టిగా, తక్కువ బరువుతో ఉన్నారని 2002లో తేలింది. తర్వాత కెన్యాలో కుటుంబాలకు మంచి మొక్కజొన్న ఇచ్చి చూసిన ప్రయోగంలో చివరికి వచ్చేసరికి స్పష్టమైన తేడా నిలవలేదు. పేదరికం, నీళ్లు, విరేచనాలు, తిండి ఇన్నిటి మధ్య ఒక్క విషం వాటాను విడదీయడం కష్టం. సందేహం ఉందని ఊరుకోవాలా అంటే, పిల్లల విషయంలో సందేహాన్ని వాళ్ల వైపు నుంచే చూడాలి.

పాల సంగతి ఇంకా దగ్గరిది. నూనె తీశాక మిగిలిన చెక్కలోకే విషంలో ఎక్కువ భాగం చేరుతుంది. ఆ చెక్క పశువుల తొట్టిలోకి వెళుతుంది. పశువు తిన్న బీ1లో నూటికి ఒకటి, రెండు వంతులు పాలలో ఎం1గా బయటికొస్తుంది. బాగా పాలిచ్చే పశువులో ఇంకా ఎక్కువే. కిలో చెక్కలో 300 మైక్రోగ్రాముల బీ1 ఉందనుకోండి. రోజుకో కిలో తినే ఆవు ఎనిమిది లీటర్లిస్తే, రెండు శాతం చొప్పున చూసినా లీటరుకు 0.75 మైక్రోగ్రాము తేలుతుంది. మన చట్టం ఒప్పుకునేది 0.5, ఐరోపా ఒప్పుకునేది 0.05. కాచినా పోదు, పెరుగు తోడేసినా మాయమవదు. భారత ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు తీసి పరీక్షిస్తే 368లో ఎం1 పరిమితి దాటింది. అంతకుముందు పాలంటే నీళ్లు కలిపారా, యూరియా కలిపారా అన్నదే మన భయం. ఆ సర్వేలో కల్తీ కన్నా ఈ విషమే పెద్ద సమస్యగా బయటపడింది. నాలుగు రోజులు పత్రికల్లో వచ్చింది, ఆగిపోయింది. పశువుల దాణాలో బీ1 కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. ఊళ్లో విడిగా అమ్మే చెక్కను ఆ కొలబద్దతో కొలిచేవాళ్లు ఎవరు? కోళ్లకైతే ఈ అనుభవం కొత్త కాదు. 1980, 90 దశకాల్లో చిత్తూరు, వరంగల్ ప్రాంతాల ఫారాల్లో దాణా విషమై కోళ్లు చనిపోయాయి. దెబ్బ తిన్నాక పెద్ద ఫారాలవాళ్లు చెక్కను పరీక్షించి కొనడం నేర్చుకున్నారు. రెండు బర్రెలున్న ఇంటివాళ్లకు ఆ అవకాశం లేదు.

పరిమితుల విషయానికొస్తే, పాత 30 మారింది. ఇప్పుడు మన దగ్గర ఇంకా శుభ్రం చేయాల్సిన పల్లీలకు కిలోకు 15 మైక్రోగ్రాములు, నేరుగా తినేవాటికి 10. అమెరికాలో 20. ఐరోపాలో నేరుగా తినేవాటికి మొత్తం మీద 4, అందులో బీ1 రెండుకు మించకూడదు. అంకెల మీద చాలా వాదనలు జరుగుతుంటాయి గానీ, నమూనా తీయడంలోనే అసలు చిక్కుంది. విషం బస్తా అంతటా సమానంగా ఉండదు. వేలల్లో ఒకటో రెండో గింజల్లో కుప్పగా ఉంటుంది. అలాంటి ఒక్క గింజలోనే కిలోకు పది లక్షల మైక్రోగ్రాముల లెక్కన విషం ఉండొచ్చని 1960లలోనే కొలిచారు. అర గ్రాము తూగే అలాంటి గింజ ఒక్కటి చాలు, 30 కిలోల మంచి పల్లీని 15 దాటించడానికి. పిడికెడు గింజలు తీసి పరీక్షిస్తే ఆ గింజ చిక్కకపోవచ్చు, చిక్కితే మంచి సరుకు కూడా చెడ్డదైపోవచ్చు. అందుకే ఐరోపావాళ్లు ఒక్కో లాటులో వంద చోట్ల నుంచి తీసి 20 కిలోల నమూనా చేస్తారు. వీధి చివర కొట్లో తీసిన అరకిలో పొట్లం పరీక్ష చూసి భయపడడమూ, ధైర్యపడడమూ రెండూ తొందరపాటే.

ఈ చిక్కుకు విరుగుడు కూడా ఇందులోనే ఉంది. విషం కొన్ని గింజల్లోనే ఉంటుంది కాబట్టి, ఆ గింజలను తీసేస్తే మిగతా సరుకు బాగుపడుతుంది. చేత్తో ఏరినా, రంగును గుర్తించే యంత్రంతో ఏరినా, పొట్టు తీసి ఏరినా విషం బాగా తగ్గుతుంది. ఎగుమతి వ్యాపారం నిలబడింది దీని మీదే. వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా ప్రాసెసింగ్ మిల్లులను నమోదు చేసి, గుర్తింపు పొందిన ప్రయోగశాలల పరీక్ష ఉంటేనే ధ్రువపత్రం ఇస్తుంది. అయినా ఐరోపా రేవుల్లో మన పల్లీలను ఇంకా మామూలు కన్నా ఎక్కువసార్లు పరీక్షిస్తూనే ఉన్నారు. 2025 సెప్టెంబరులో ఇండోనేసియా ఇదే కారణంతో మన పల్లీల దిగుమతిని కొంతకాలం ఆపేసింది. వెంటనే మన దగ్గర చర్చంతా డాలర్ల చుట్టూ తిరిగింది. ఎగుమతి పోతే ఎంత నష్టమని అడిగారు గానీ, వెనక్కి తిప్పిన సరుకు ఎవరు తింటారని అడిగినవాళ్లు తక్కువ.

ఏరేసిన గింజ నూనె మిల్లుకు పోతుంది. ఇది ఒక విధంగా సరైన దారే. పెద్ద రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేసి, మట్టితో రంగు తీసేటప్పుడు విషం దాదాపు పూర్తిగా తొలగిపోతుంది. శుద్ధి చేయని నూనెలో కొంత ఉండిపోతుంది. ఇప్పుడు పట్టణాల్లో గానుగ నూనె మీద మోజు పెరిగింది. మంచి గింజ ఆడిస్తే గానుగ నూనెకు నేనూ ఓటేస్తాను. కానీ ఆ నూనెకు శుద్ధి అనే రక్షణ లేదు కాబట్టి గింజ నాణ్యతే దానికి దిక్కు. మీ కళ్లముందు ఆడిస్తున్నామని చెప్పే దుకాణంలో అడగాల్సిన ప్రశ్న గానుగ చెక్కదా, ఇనుముదా అని కాదు. ఆడించే గింజను చూపించమనాలి. ముడతగింజ, నల్లగింజ కనిపిస్తే ఆ నూనె వద్దు. ఏరేసినదాంట్లో కొంత నూనెకు కాకుండా పొడి రూపంలో తిండిలోకే చేరే వీలుంది. గింజ ఆకారం పోయాక దాన్ని గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు. చట్నీ పొడి, పల్లీ ఉండ, మసాలా, మిక్చరు, చవకరకం చిక్కీ, వీటిని తయారుచేసే చోట గింజ ఎక్కణ్నుంచి వచ్చిందో తనిఖీ చేయడం ఆహార భద్రతా అధికారులు మొదలుపెట్టాల్సిన పని. ఇంట్లోవాళ్లకు చెప్పేది ఒక్కటే. గింజలుగానే కొనండి, వేయించే ముందు చాటలో పోసి ఏరండి, ఏరినదాన్ని కోళ్లకో బర్రెకో వేయకుండా పారేయండి.

మూలంలోనే నివారించే పని పటాన్‌చెరువులోని అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లో దశాబ్దాలుగా సాగుతోంది. జె-11 వంటి రకాల్లో గింజకు బూజు కొంత తక్కువగా పడుతుందని గుర్తించి, ఆ గుణాన్ని మంచి దిగుబడి రకాల్లోకి తేవడానికి ప్రయత్నించారు. ప్రయోగశాల పళ్లెంలో నిలిచిన నిరోధకత కరువు చేలో అన్ని ఏళ్లూ నిలవలేదు. 2017లో అక్కడి శాస్త్రవేత్తలు అమెరికా సహచరులతో కలిసి, బూజును ఎదిరించే ప్రోటీన్లు ఒక పక్క, బూజులో విషం తయారీని ఆపే ఆర్‌ఎన్‌ఏ మరో పక్క పెట్టి, జన్యుమార్పిడి వేరుశనగ మొక్కలు తయారుచేశారు. వాటిలో విషం దాదాపు లేకుండా పోయింది. అది చేలోకి రావడానికి శాస్త్రం ఒక్కటే చాలదు. ప్రజల ఒప్పుదల, నియంత్రణ, నమ్మకం కావాలి. దాని కోసం చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ఆఫ్రికాలో నైజీరియా, కెన్యా, సెనెగల్ రైతులు విషం తయారుచేయలేని ఫ్లేవస్ బూజునే చేలో చల్లి, విషపు బూజుకు చోటు లేకుండా చేస్తున్నారు. మన రైతుకు అందుబాటులో ఉన్నవి ఇంకా మామూలువి. పశువుల ఎరువు, పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం, వీలుంటే చివర్లో ఒక్క తడి, సమయానికి కోత. జిప్సంలోని కాల్షియం కాయ తొక్కను గట్టిపరుస్తుంది. ఆ ఒక్క తడి ఎంత పని చేస్తుందో పాలమూరులో చూడొచ్చు. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగిలో బోర్ల కింద, కాలువల కింద పండే పల్లీకి విషం తక్కువన్న పేరుంది. చివరిదాకా నీళ్లు అందుతాయి, ఎండాకాలంలో కోత కాబట్టి ఎండే కాయను ఆరబెడుతుంది.

ఈ చిన్న పనుల బలం తెలియాలంటే గినీ దేశపు అనుభవం చూడాలి. అక్కడి ఇరవై పల్లెల్లో 600 మందిని తీసుకుని, సగం పల్లెల్లో మాత్రం కాయను ఏరడం, చాపల మీద ఎండబెట్టడం, నార సంచుల్లో పోయడం, సంచులను నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టడం నేర్పారు. ఐదు నెలల తర్వాత రక్తం పరీక్షిస్తే, నేర్చుకున్న పల్లెల్లో విషం ఆనవాళ్లు మిగతావాళ్లలో ఉన్నదానిలో సగం కూడా లేవు. 2005లో లాన్సెట్‌లో వచ్చిన ఈ అధ్యయనాన్ని నేను మిగతా అన్నిటికన్నా ముఖ్యమైనదిగా భావిస్తాను. వాళ్లు పండించిందీ, తిన్నదీ ఒకే గింజ. అందుకే శ్రమపడ్డారు. మన రైతు పండించేది అమ్మడానికి. మార్కెట్ యార్డులో వ్యాపారి గుప్పెడు కాయలు నలిపి గింజ శాతం చూస్తాడు, తేమ చూస్తాడు, ధర చెబుతాడు. విషం లేని కాయకు ఒక్క రూపాయి ఎక్కువ రాదు, ఉన్నదానికి ఒక్క రూపాయి తగ్గదు. అలాంటప్పుడు ఎకరా చెట్లను బోర్లా తిప్పే కూలిఖర్చు అతను ఎందుకు పెట్టుకోవాలి? అవగాహన సదస్సులు ఎన్ని పెట్టినా ఈ ప్రశ్నకు జవాబు రాదు.

అమెరికావాళ్లు 1960ల నుంచి ఒక పద్ధతి పాటించారు. రైతు తెచ్చిన కాయలో కంటికి ఫ్లేవస్ బూజు కనిపిస్తే ఆ లాటు మూడో తరగతిలోకి పోయేది. దాన్ని నూనెకు తప్ప తిండికి వాడనిచ్చేవారు కాదు. ఏరడంతో పాటు, ఏరినదానికి దారి కూడా నిర్ణయించారు. మనకు లేనిది ఆ రెండో సగం. ఇక్రిశాట్‌లో తక్కువ ఖర్చుతో చేయగల ఎలీసా పరీక్ష తయారై ఇరవై ఏళ్లు దాటింది, నిమిషాల్లో ఫలితం చెప్పే పట్టీలు మార్కెట్లో దొరుకుతున్నాయి. పరిజ్ఞానం కొరత లేదు. పెద్ద యార్డుల్లో పరీక్ష పెట్టి, మంచి కాయకు అదనపు ధర ఇచ్చి, మిల్లుల్లో ఏరేసిన గింజకు విడిగా లెక్క రాయించి, అది శుద్ధి కర్మాగారానికే చేరిందో లేదో చూడగలిగితే చాలా దూరం వెళ్లినట్టే. విషం ఉన్న చెక్కను అమ్మోనియాతో శుద్ధి చేసే పద్ధతి సెనెగల్‌లో పరిశ్రమ స్థాయిలో నడిచింది. మన దగ్గర అంత చెక్క ఉంది, ఆ పని చేసే కర్మాగారాలు రావాలి.

ఈ ఖర్చు ఎవరు భరిస్తారని అడుగుతారు. మార్కెట్ దానంతట అది భరించదు, అరవై ఏళ్లు చూశాం. ప్రభుత్వమే పెద్ద కొనుగోలుదారుగా ఉన్న చోట మొదలుపెట్టవచ్చు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2020 నుంచి మధ్యాహ్న భోజనంతో పాటు చిక్కీ ఇవ్వడం మొదలైంది, అంగన్‌వాడీల్లోనూ పల్లీ వాడకం ఉంది. మంచి ఆలోచన, ఆపాల్సింది కాదు. బక్కచిక్కిన పిల్లలకు పల్లీ, బెల్లం కన్నా చవకైన బలం దొరకదు. అయితే ఆ టెండర్లో బరువు, ప్యాకింగు, ధరలతో పాటు ప్రతి బ్యాచి గింజకూ నియమం ప్రకారం తీసిన నమూనా, కిలోకు 10 మైక్రోగ్రాముల లోపు ఫలితం, ఏ జిల్లా ఏ యార్డు నుంచి గింజ వచ్చిందన్న వివరం తప్పనిసరి కావాలి. అలాంటి గింజ కోసం కాంట్రాక్టరు యార్డులో వెతకడం మొదలుపెడితే, ఆ సరుకుకు రైతు పేరు మీద క్వింటాకు కొంత ఎక్కువ రాయక తప్పదు. అనంతపురం, కదిరి, వనపర్తి యార్డుల్లో ఒక సీజను పాటు ఇలా కొని చూసి, ఆ లెక్కలు బయటపెట్టడం ఏ ప్రభుత్వానికైనా తలకు మించిన పని కాదు.